నాలుగో ప్రశ్న దాకా: ఐఐఎం ఇంటర్వ్యూకి మా ఇంట్లో జరిగిన ప్రిపరేషన్

మా నాన్న ముప్పై ఏళ్ళు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో, కోక్ ఓవెన్స్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు. నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఇంత సరంజామా పెట్టుకుని, ఐఐఎంలో ఎంబీఏ సీటు కోసం మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు నేను దొరికిపోయింది ఎక్కడో తెలుసా? కోక్ దగ్గర.

ఏ ఐఐఎమ్మో అనవసరం. ప్యానెల్‌లో ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన నా ఫారం చూస్తూ చాలా మామూలుగా మొదలుపెట్టారు.

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"స్టీల్ ప్లాంట్‌లో, కోక్ ఓవెన్స్‌లో సార్."

"కోక్ అంటే?"

"బొగ్గుని గాలి తగలకుండా కాలిస్తే వచ్చేది సార్." ఇంతవరకు బానే ఉంది.

"మరి బొగ్గునే నేరుగా ఫర్నేస్‌లో వేసెయ్యొచ్చుగా? మధ్యలో ఈ ఖర్చంతా ఎందుకు?"

నా బుర్రలో ఏమీ లేదు. "ఎఫిషియెన్సీ కోసం సార్" అన్నాను.

"దేని ఎఫిషియెన్సీ?"

నవ్వాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు ఏదో మాట్లాడుకున్నాం గానీ, పని అక్కడే అయిపోయింది. వెయిటింగ్ లిస్టులో కూడా నా పేరు రాలేదు.

మరుసటి ఏడాది సీటొచ్చింది. ఇప్పుడు ఉద్యోగం హైదరాబాద్‌లో. మా కాలనీ పిల్లలు, చుట్టాల పిల్లలు ఎవరికి కాల్ లెటరొచ్చినా అమ్మ నా నెంబరిచ్చేస్తుంది. ఫోన్లో అందరికీ చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇదంతా ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందు సంగతేమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ నవంబరు చివర్లో ఉంటుంది. ఫలితాలు డిసెంబరు, జనవరిల్లో వస్తాయి. వాటిని బట్టి ఒక్కో ఐఐఎం ఇంటర్వ్యూ కాల్స్ పంపుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంటర్వ్యూలు. కొత్త ఐఐఎంలు కొన్ని కలిసి ఒకటే ఇంటర్వ్యూ పెడుతుంటాయి. కొన్ని చోట్ల ఇంటర్వ్యూకి ముందు చేత్తో ఒక వ్యాసం రాయిస్తారు, అది వ్యాట్. సీటు ఇంటర్వ్యూ ఒక్కదాంతోనే తేలదు. క్యాట్ స్కోరు, టెన్త్, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం అన్నీ కలిపి లెక్క వేస్తారు. కాల్ వచ్చే సరికి వాటిలో మార్చగలిగేది ఏదీ మిగలదు. మిగిలేది ఆ ఇరవై నిమిషాలే.

కుంపటి పాఠం

రిజల్ట్ వచ్చిన రోజు నాన్న తిట్టలేదు. ఏ ప్రశ్న దగ్గర పోయిందో విని నవ్వారు. నాకు అదే ఎక్కువ మండింది. ఆ ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళారు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గర ఆగి, రెండు పొత్తులు చెప్పి, "ఆ మామ్మ చెయ్యి చూడు" అన్నారు. ఆవిడ ఒక చేత్తో పొత్తు తిప్పుతూ రెండో చేత్తో విసనకర్ర ఊపుతోంది.

"విసరడం ఆపితే ఏటవుతాది?"

"నిప్పు చల్లారిపోతుంది."

"అదే కుంపట్లో పిడికెడు బొగ్గు పొడి పోసి విసిరితే?"

"గాలి లోపలికి పోదు."

"అదే నీ మూడో ప్రశ్నకి జవాబు" అన్నారు. ఫర్నేస్ కూడా కుంపటేనట. కాకపోతే అపార్ట్‌మెంటంత ఎత్తు. పైనుంచి ఇనుప ఖనిజం, సున్నపురాయి, కోక్ పొరలు పొరలుగా పడుతుంటాయి. కింద నుంచి వేడి గాలి కొడతారు. పచ్చి బొగ్గు వేస్తే ఆ వేడికి మెత్తబడి, పైనున్న బరువుకి చితికి, సందులన్నీ పూడ్చేస్తుంది. గాలికి దారుండదు. కోక్ అలా కాదు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో గాలి తగలకుండా కాలి, గట్టిపడి, ఒళ్ళంతా చిల్లులతో బయటికొస్తుంది. బరువూ మోస్తుంది, గాలికి దారీ ఇస్తుంది. అది కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడే ఖనిజంలోంచి ఆక్సిజన్‌ని లాగేసి ఇనుముని విడదీస్తుంది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి కోక్‌కి పనికొచ్చే బొగ్గు చాలావరకు ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి ఓడల్లో వస్తుంది. మన ప్లాంట్‌లో ఓవెన్లు ఏడు మీటర్ల ఎత్తు. ఎర్రగా కాలుతున్న కోక్‌ని నీళ్ళు పోసి ఆర్పకుండా నైట్రోజన్‌తో చల్లబరుస్తారు, ఆ వేడితో ఆవిరి తయారుచేసి కరెంటు తీస్తారు. పొత్తు చల్లారిపోతున్నా నాన్న ఆగలేదు.

ఇరవై రెండేళ్ళు ఆయనతో ఒకే ఇంట్లో అన్నం తిన్నాను. సీ షిఫ్ట్ చేసి తెల్లారి వచ్చి నిద్రపోతుంటే టీవీ సౌండ్ తగ్గించాను. ఆయన ఏం చేస్తారో మాత్రం ఒక్కసారీ అడగలేదు. ప్యానెల్‌కి దొరికింది ఆ ఖాళీయే.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ఫారంలో ఉన్న ప్రతి ముక్క మీదా నాలుగు ప్రశ్నల లోతుకి వెళ్ళడం. మొదటి ప్రశ్నకి అందరూ చెప్తారు. రెండోదానికి కోచింగ్ సెంటర్ నోట్స్ చాలు. మూడో ప్రశ్నకి నోట్స్ అయిపోతాయి. నాలుగోదానికి మీరు నిజంగా చూసిందో, చేసిందో, ఆలోచించిందో ఉంటే తప్ప నోరు పెగలదు.

ఫారం ప్రింట్ తీయండి

మీరు నింపిన అప్లికేషన్‌ని ప్రింట్ తీసి, ఒక్కో లైనుకీ నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ కేటాయించండి. పేరు, ఊరు, అమ్మానాన్నల పని, కాలేజీ, ఇష్టమైన సబ్జెక్టు, కంపెనీ, హాబీ, మార్కులు తగ్గిన సెమిస్టరు. పేజీ పైన మొదటి ప్రశ్న మీరే రాసుకోండి. జవాబు రాయండి. ఆ జవాబులో అన్నిటికంటే గాలి మాట ఏదో చూసి దాని కింద గీత గీయండి. రెండో ప్రశ్న దాని మీద. ఇలా నాలుగు. నా మొదటి ఇంటర్వ్యూలో గీత పడాల్సిన మాట "ఎఫిషియెన్సీ". వంద మంది ఫారాలు చూస్తే వంద మందిలోనూ ఆ మాటో, దాని తోబుట్టువులో ఉంటాయి: లీడర్‌షిప్, ఎక్స్‌పోజర్, ప్యాషన్.

మా బాబాయి కొడుకు సంగతి చెప్తాను. వాడు హాబీ కింద "బీచ్ క్లీనింగ్ వాలంటీర్" అని రాశాడు. అబద్ధం కాదు, నిజంగానే ఏడాది పాటు ఆదివారాలు వెళ్ళాడు. ఫోన్లో మాక్, అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ, మొదలుపెట్టాను.

"బీచ్‌లో చెత్త ఎవరు వేస్తున్నారు?"

"టూరిస్టులక్కా."

"మీరు ఏరినవాటిలో ఎక్కువ ఏం దొరికేవి?"

కాసేపు ఆలోచించాడు. "షాంపూ ప్యాకెట్లు, పాల కవర్లు, పాత చెప్పులు."

"బీచ్‌కొచ్చినవాళ్ళు షాంపూ ప్యాకెట్లు తెచ్చుకుంటారేంట్రా?"

అక్కడ వాడికే లైటు వెలిగింది. ఆ చెత్త ఊళ్ళోంచి గెడ్డల్లో, అంటే కాలవల్లో, కొట్టుకొచ్చి సముద్రంలో కలిసి, అలలతో మళ్ళీ ఒడ్డుకొస్తోంది. టూరిస్టుల మీద పెట్టిన నేరం మూడో ప్రశ్నకి నిలబడలేదు. నాలుగోది అడిగాను. "మీరు బస్తాలకెత్తింది ఎక్కడికి పోయేది?" తెలియదన్నాడు. ఏడాది ఎత్తాడు, ఎక్కడికి పోతుందో అడగలేదు. నేను కోక్ గురించి అడగనట్టే. తర్వాతి ఆదివారం జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బండి డ్రైవర్ని అడిగితే కాపులుప్పాడ డంపింగ్ యార్డుకని చెప్పాడు. వీడు వాళ్ళతో మాట్లాడి, తడి చెత్త పొడి చెత్త ఎక్కడ కలిసిపోతున్నాయో కూడా తెలుసుకొచ్చాడు. ఇంటర్వ్యూలో సగం టైము దీని మీదే నడిచిందట.

హాబీ లేకపోతే రాయకండి. "రీడింగ్ బుక్స్" అని రాసి చివరిగా ఏం చదివావంటే టెన్త్ నాన్-డిటెయిల్డ్ గుర్తుచేసుకునే వాళ్ళని చూశాను. క్రికెట్ చూడటం ఇష్టమైతే అదే చెప్పండి, కానీ డక్‌వర్త్ లూయిస్ లెక్క ఎందుకొచ్చిందో, ఓవర్లు తగ్గితే టార్గెట్ ఎందుకు మారుతుందో చెప్పగలగాలి.

విశాఖ నుంచి వచ్చారా? అయితే...

ఊరి మీద ప్రశ్న దాదాపు ఖాయం. కైలాసగిరి, బొర్రా గుహలు, అరకు అంటూ టూరిజం బోర్డు లాగా మొదలుపెట్టకండి. ప్యానెల్‌లో వాళ్ళకి కావాల్సింది మీ ఊరు దేని మీద బతుకుతోందో మీకు తెలుసా అన్నది. పోర్టు 1933లో మొదలైంది. సింధియా షిప్‌యార్డులో కట్టిన జలఉష ఓడని 1948లో నెహ్రూ సముద్రంలోకి దించారు, అదే ఇవాళ్టి హిందుస్తాన్ షిప్‌యార్డ్. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఐఐఎం 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలై, తర్వాత గంభీరం దగ్గర సొంత క్యాంపస్‌కి వెళ్ళింది. ఈ తేదీలు బట్టీ పట్టినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. వీటిలో ఏదో ఒకటి మీ ఇంటిని తాకి ఉంటుంది, దాన్ని పట్టుకోండి. నాకు హుద్‌హుద్ అంటే మా క్వార్టర్ వెనక నేరేడు చెట్టు పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేక, పాలు క్యూలో తెచ్చుకోవడం. అక్కడి నుంచి మొదలుపెడితే విపత్తు సమయంలో సరఫరా అనే పెద్ద మాట దాకా సాఫీగా వెళ్ళొచ్చు.

స్టీల్ ప్లాంట్ ప్రశ్న గురించి విడిగా చెప్పాలి. విశాఖ అనగానే "ప్రైవేటీకరణ చెయ్యాలా వద్దా?" అని అడుగుతారు. ముఖ్యంగా మాలాంటి ఉద్యోగుల పిల్లల్ని. ఇది మీరు ఏ పక్షమో తెలుసుకోవడానికి వేసే ప్రశ్న కాదు. సొంత ఇంటి విషయంలో కూడా అవతలి వాదన వినగలరా అని చూడటానికి. నేను రెండు కాలమ్‌లు గీసుకున్నాను. ఒకవైపు: 1966 ఉద్యమం, 32 మంది ప్రాణాలు, భూములిచ్చిన ఊళ్ళు, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన, 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చెయ్యడం, దాని మీద బతుకుతున్న గాజువాక మొత్తం. రెండోవైపు: నష్టాలు, అప్పులు, వాటి మీద వడ్డీలు, సొంత ఇనుప గనులు లేకపోవడంతో ఖనిజాన్ని కొనుక్కోవాల్సి రావడం. 2021 జనవరిలో కేంద్రం వంద శాతం వాటా అమ్మాలని నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. ఇవన్నీ తెలిశాక కూడా మీ మొగ్గు మీకుంటుంది, ఉండాలి. నా మొగ్గు అమ్మొద్దనే. కానీ "గనులిచ్చినా రెండు మూడేళ్ళలో పుంజుకోకపోతే నా అభిప్రాయం మార్చుకుంటాను" అని కూడా రాసుకున్నాను. ఏం జరిగితే మనసు మార్చుకుంటారో చెప్పగలిగితే ఇక వాదన పెరగదు. నాన్నకి ఆ వాక్యం నచ్చలేదు. రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

ఎంబీఏ ఎందుకు, అమ్మా?

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే, అందరూ అన్నిటికంటే తక్కువ ప్రిపేరయ్యేదీ ఇదే. మాక్ ఇంటర్వ్యూలు నేను చాలామందితో చేశాను. ఎంవీపీ కాలనీలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్‌గారు ఫిజిక్స్‌తో నన్ను ఉతికి ఆరేశారు. నేవీలో చేసి రిటైరైన ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు నేను కుర్చీలో కూర్చునే తీరు మార్చారు. డబ్బులు కట్టి వెళ్ళిన ఒక కోచింగ్ సెంటర్‌లో మాత్రం "కాన్ఫిడెన్స్ పెంచుకో" అని రాసిచ్చారు, అంతే. కానీ అసలైన మాక్ జరిగింది మా వంటింట్లో.

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. టెన్త్ వరకు చదువుకుంది. నేను ఎదురుగా కూర్చుని, కోచింగ్‌లో తయారుచేసిన జవాబు తెలుగులోకి మార్చి చెప్పాను. అంతా విని, "ఇప్పుడు చేసే ఉద్యోగంలో లేనిది అక్కడ ఏటుంది?" అంది.

"మేనేజ్‌మెంట్ నేర్పుతారమ్మా."

"అంటే?"

"మనుషుల చేత పని చేయించడం."

"మరి ఇప్పుడు నీ చేత పని చేయిస్తున్నాడే, ఆయన అది చదువుకున్నాడా?"

చదువుకోలేదు. మా టీమ్ లీడ్ కూడా నాలాగే బీటెక్. నాలుగో ప్రశ్నకి నేను మళ్ళీ దొరికిపోయాను, ఈసారి చిక్కుడుకాయల దగ్గర.

ఆ రాత్రి కూర్చుని నిజం రాసుకున్నాను. నేను ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసేదాన్ని. ఆసుపత్రి బిల్లు అప్‌లోడ్ చేసే స్క్రీన్‌లో ఒక తప్పుంది. ఫొటో సైజు ఎక్కువైతే ఏమీ చెప్పకుండా మొదటికొచ్చేస్తుంది. బిల్లు చేతిలో పట్టుకుని ఆసుపత్రి కారిడార్‌లో నిలబడినవాడికి అదెంత నరకమో ఊహించుకోండి. ఆ తప్పు నేను మూడుసార్లు రాశాను, మూడుసార్లూ "తర్వాత చూద్దాం" అని వెనక్కొచ్చింది. తప్పు పట్టుకోవడం నా చేతిలో ఉంది. ఏది ముందు సరిచెయ్యాలో, దానికి ఎంత ఖర్చు పెట్టొచ్చో నిర్ణయించే గది వేరే. ఆ గదిలో వాళ్ళు ఏ లెక్కలు చూస్తారో నాకు తెలియదు. నేర్చుకోవాల్సింది అది. ఇలా చెప్తే అమ్మ మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది. అంటే ఒప్పుకున్నట్టే.

మీ రంగం తెలియనివాళ్ళు ఒక్కరైనా మీకు మాక్ చెయ్యాలి. తెలిసినవాళ్ళు మీ ఖాళీలని వాళ్ళే నింపేసుకుని తల ఊపేస్తారు. స్నేహితులు నవ్వేస్తారు. పెద్దమ్మో, పక్కింటి ఆంటీయో అయితే అర్థం కాకపోతే అర్థం కాలేదని మొహం మీదే చెప్తారు.

ఇంగ్లీషు, సబ్జెక్టు, వ్యాట్

తెలుగు మీడియం వాళ్ళ మొదటి భయం భాష. నేను చూసినంతలో ఇంగ్లీషు వల్ల పోయినవాళ్ళు తక్కువ, ఇంగ్లీషు దాచుకోవడానికి పెద్ద మాటలు వాడి పోయినవాళ్ళు ఎక్కువ. చిన్న వాక్యాలు చాలు. రోజూ ఒక పేజీ ఇంగ్లీషు పేపరు సంపాదకీయం డాబా మీద పైకి చదవండి. తర్వాత పేపరు మూసి, అదే విషయం మీ మాటల్లో రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చెయ్యండి. వినడం నరకంలా ఉంటుంది, వినండి. నేను ప్రతి వాక్యం "బేసికల్లీ"తో మొదలుపెడుతున్నానని నాకు అలాగే తెలిసింది. ఇంట్లో పేపరు రాకపోతే, విశాఖలో అయితే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ ఉంది, నాలుగైదు పేపర్లు ఒకేచోట తిరగెయ్యొచ్చు.

సబ్జెక్టుల్లో రెండు ఎంచుకుని వాటినే గట్టిగా చదవండి. నాలుగేళ్ళ డిగ్రీ నెల రోజుల్లో తిరగెయ్యడం ఎవరివల్లా కాదు. ఏది ఇష్టమని అడిగినప్పుడు ఆ రెండింటిలో ఒకటి చెప్తే ఆట మీ మైదానంలో ఉంటుంది. శాతాలు, సగటు, ప్రాబబిలిటీ లాంటి చిన్న లెక్కలు కాగితం మీద చెయ్యమంటారు కాబట్టి అలవాటు తప్పకుండా చూసుకోండి. ఉద్యోగం చేస్తుంటే మీ కంపెనీ దేని మీద డబ్బు సంపాదిస్తుందో తెలుసుకోండి, ఆశ్చర్యంగా చాలామందికి తెలియదు.

వ్యాట్‌కి ఒకటే చెప్తాను. చేత్తో రాయడం మర్చిపోయి ఉంటాం. వారానికి మూడు సార్లు అరగంట అలారం పెట్టుకుని పేజీన్నర రాయండి. మొదటి వారం వేళ్ళు నొప్పెడతాయి.

సర్టిఫికెట్లు: ఇది మాత్రం ఇవాళే చూడండి

చదువు సంగతి ఎలా ఉన్నా, కాగితాల దగ్గర చాలామంది ఏడుస్తారు. ముఖ్యంగా ఓబీసీ వాళ్ళు. రాష్ట్రంలో బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఐఐఎంలకి కావాల్సింది కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఉన్న నాన్ క్రీమీ లేయర్ (సంపన్న శ్రేణి కాదని చెప్పే) సర్టిఫికెట్. రాష్ట్ర జాబితాలో మీ కులం బీసీ అయినా, కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. సర్టిఫికెట్ ఏ తేదీ తర్వాత తీసుకున్నదై ఉండాలో నోటిఫికేషన్‌లో ఉంటుంది, దాన్ని రెండుసార్లు చదవండి. వార్డు సచివాలయంలో అప్లై చేసి, అక్కడి నుంచి తహసీల్దార్ సంతకం అయ్యేదాకా వెంటపడాల్సి రావచ్చు. నాతోపాటు క్యాట్ రాసిన అమ్మాయి ఇంటర్వ్యూకి నాలుగు రోజుల ముందు, చదవాల్సిన టైములో, సచివాలయం బల్ల మీద కూర్చుంది. ఈడబ్ల్యూఎస్, అంటే ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్ళదీ ఇదే కథ, ఏడాది మారితే పాతది చెల్లదు.

టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్‌లో ఒక్క అక్షరమే... ఈ తెలుగువాళ్ళ పేర్ల తిరకాసు మనకి మామూలే, ప్యానెల్‌కి కాదు. తేడా ఉంటే ఏ కాగితం చూపిస్తారో ముందే అనుకోండి. ఒరిజినల్స్ ఒక ఫోల్డర్, జిరాక్స్‌లు ఇంకో ఫోల్డర్. ఉద్యోగం చేసినవాళ్ళు ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు పెట్టుకోండి.

ఇంటర్వ్యూ ఉన్న ఊరికి ఒక రోజు ముందే వెళ్ళండి. నేను మొదటిసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారి హైదరాబాద్‌లో దిగి, స్టేషన్ వెయిటింగ్ రూములో మొహం కడుక్కుని వెళ్ళాను. సరదాగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ వద్దు. బట్టల గురించి పెద్దగా చెప్పను: ఇస్త్రీ చేసి ఉండాలి, ఒకసారి వేసుకుని చూసి ఉండాలి. కొత్త బూట్లు మాత్రం ఆ రోజు మొదలుపెట్టకండి. కొన్ని ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో కూడా జరుగుతుంటాయి. అలాగైతే కరెంటు పోతే ఏ ఫోన్ నెట్‌తో కలుపుతారో ముందు రోజే ఒకసారి చేసి చూడండి. ఇంట్లో కుక్కర్ ఆ అరగంట పెట్టొద్దని చెప్పండి.

లోపల

తెలియకపోతే తెలియదనండి. కానీ అక్కడితో ఆపకండి. "ఇది నాకు తెలియదు, కానీ ఊహించమంటే ఇలా ఆలోచిస్తాను" అనొచ్చు, ప్యానెల్ ఒప్పుకుంటే. వరసగా మూడు తెలియదులు వచ్చినా కంగారు పడకండి. మీకు తెలిసినదానికి అంచు ఎక్కడుందో వెతకడం వాళ్ళ పని, వెతికితే దొరుకుతుంది. మీ మాట ఒప్పుకోకుండా వాదిస్తే వెంటనే వాళ్ళ వైపు దూకేయకండి, మొండిగానూ ఉండకండి. వాళ్ళు కొత్త విషయం చెప్తే మారండి, గొంతు పెంచితే మాత్రం మారకండి. ఆలోచించుకోవడానికి అయిదు సెకన్లు తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. మనకే అది అయిదు నిమిషాల్లా ఉంటుంది.

రెండోసారి నేను వెళ్ళేసరికి నాన్న రిటైరయ్యారు. మేము కూర్మన్నపాలెంలో సొంత ఇంటికి మారాం. ఫర్నేస్ గురించి ఏ మూల నుంచి అడిగినా చెప్పేలా ఉన్నాను. కోక్ చల్లార్చే నైట్రోజన్ గొట్టాల దాకా నాకు తెలుసు. ప్యానెల్‌లో ఒక మేడమ్ ఫారం చూసి, "అమ్మగారు హోమ్‌మేకరా?" అన్నారు.

అవునన్నాను. ఎందుకో ఊరుకోలేక, ఎండాకాలంలో ఆవకాయ పెట్టి కాలనీలో అమ్ముతుందని కూడా చెప్పాను.

"ధర ఎలా పెడతారు?"

బయట షాపులో రేటు కనుక్కుని, దానికంటే కాస్త తక్కువ పెడుతుందన్నాను.

"లాభం మిగులుతుందా?"

ఇది నాకు తెలుసు. ఆమె లెక్కల పుస్తకం రాసేది నేనే. కాయలు, కాయ కొట్టించిన కూలి, నువ్వుల నూనె, ఆవపిండి, కారం, సీసాలు వరసగా చెప్పాను. మిగులుతుంది, కానీ ఆమె కష్టాన్ని కూలి లెక్కన కలిపితే ఏమీ మిగలదన్నాను.

"మరి ఎందుకు చేస్తున్నారు?"

నాలుగో ప్రశ్న. నోట్‌బుక్‌లో అమ్మకి పేజీ ఉంది. అందులో "గృహిణి" అని రాసి, కింద ఖాళీగా వదిలేశాను. అయిదు సెకన్లు కాదు, ఇంకా ఎక్కువే పట్టింది. అమ్మ లెక్కల పుస్తకంలో ఆఖరి పేజీ గుర్తొచ్చింది. వచ్చిన డబ్బులు దేనికి ఖర్చయ్యాయో ఆ పేజీలో నాచేత రాయించదు, ఆ డబ్బులు తనే మడిచి బీరువాలో పెట్టుకుంటుంది. "ఇంట్లో ఎవరినీ అడగకుండా ఆమె చేతికి నేరుగా వచ్చే డబ్బు అదొక్కటే మేడమ్" అన్నాను. ఆవిడ ఏదో రాసుకుని, పక్కనున్నాయన వైపు చూశారు. ఆయన ప్రాబబిలిటీ లెక్క ఒకటి ఇచ్చారు. అది తప్పు చేశాను, మళ్ళీ సరిచేసుకున్నాను.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. స్టీల్ గురించి ఏమడిగారని నాన్న. ఏమీ అడగలేదంటే ఆయన గొంతు కాస్త దిగింది. ఆవకాయ గురించి అడిగారంటే అమ్మ ఫోన్ లాక్కుంది. మొదటి మూడు ప్రశ్నలూ, నేను చెప్పిన జవాబులూ చెప్పాను. నాలుగోది చెప్పలేదు.

"అంత చదువుకున్నోళ్ళు కదా," అంది. "ఇంతకీ రేటు పెంచమన్నారా, వద్దన్నారా?"